నాలుగో పట్టీ

నవంబరు రెండో ఆదివారం, పదకొండు గంటలకి పాటించే రెండు నిమిషాల మౌనం ఇంకా సగం కూడా కాలేదు, సెత్ హార్కర్ తన గొర్రెల కర్రతో అలెక్ కీర్టన్ తల మీద కొట్టాడు.

చాటుగా కాదు, తాగి కాదు. మూర్‌బీ ఊరి నడిబొడ్డున, యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాతిస్తంభం ముందు, నూరు నూటపది మంది తలలు వంచుకుని నిలబడి ఉండగా, వరసలోంచి బయటికొచ్చి నాలుగడుగులు వేసి, కర్ర రెండు చేతులా పట్టుకుని మరీ కొట్టాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. కర్రకి పొట్టేలు కొమ్ముతో చేసిన పిడి ఉంది. ఆ పిడి వెళ్లి అలెక్ కణతకి తగిలింది.

తర్వాత జరిగిందే అసలు ఘోరం. ఎవరూ కదల్లేదు. మౌనం కదా మరి! ఆ రెండు నిమిషాలూ దగ్గొస్తే దగ్గు మింగడం, పసిపిల్ల ఏడిస్తే నోరు మూయడం ఆ ఊళ్లో అందరికీ ఒంటబట్టిన అలవాటు. బూర ఊదే మనిషి బూర పట్టుకుని అలాగే ఉన్నాడు. పాదిరి కళ్లు విప్పలేదు. అలెక్ మోకాళ్ల మీద కూలబడటం ముందు వరసవాళ్లంతా చూశారు. చూసి కూడా మూడు నాలుగు లెక్కపెట్టేంత సేపు కొయ్యబారి నిలబడిపోయారు. ఆ వ్యవధిలో సెత్ కర్ర మళ్లీ ఎత్తి రెండో దెబ్బ వేశాడు. పుర్రె పగిలింది ఆ రెండో దెబ్బకే.

అలెక్ చెల్లెలు బ్రెండా మూడడుగుల దూరంలో ఉంది. మొదటి దెబ్బకే కేక పెట్టి ఆ ముసలాడి చెయ్యి పట్టుకుని ఉంటే రెండోది పడేది కాదు. ఆమె కూడా నోరు మూసుకుని నిలబడింది. సొంత అన్న నెత్తురు కారుతుంటే మర్యాదగా మౌనం పాటించిన మనిషిని నేను, అని తర్వాత ఎన్నిసార్లు తన్ను తానే తిట్టుకుందో లెక్కలేదు.

ఆపైన అందరూ ఒక్కసారే మీద పడ్డారు. సెత్‌ని కింద పడేసి, ఒకడు వీపు మీద మోకాలు పెట్టాడు, ఇంకొకడు ముక్కు మీద గుద్దాడు. ముసలాడు పెనుగులాడలేదు. స్తంభం ముందు పెట్టిన ఎర్ర కాగితం పూల దండల మీద అలెక్ పక్కకి ఒరిగి ఉన్నాడు. చెవిలోంచి నెత్తురు కారి, కోటు కుడి రొమ్ము మీద వేలాడుతున్న ముత్తాత పతకాన్ని తడిపేసింది.

ఆ పతకం అక్కడికి తెచ్చింది బ్రెండాయే.

బ్రెండా ముప్ఫై ఒక్కేళ్లు గొర్రెల వేలం కొట్టులో గుమాస్తాగా చేసి, పోయిన ఏడే మానుకుంది. మనిషి ముఖం మర్చిపోతుందేమో కానీ గొర్రె చెవికున్న బిళ్ల మీది నంబరు మర్చిపోదు. పని మానేశాక ఊరికే కూర్చోలేక, మార్చిలో అలెక్ ఇంటి సొరుగులు సర్దుతుంటే, గొర్రెలు ఈనేటప్పుడు వాడే తాళ్ల కట్ట కింద ఈ పతకం దొరికింది. నూట ఇరవై ఏళ్ల కిందట దక్షిణాఫ్రికాలో బోయర్లనే తెల్ల రైతుల మీద జరిగిన యుద్ధానిది. గుండ్రటి వెండి బిళ్ల, రిబ్బను మీద ఒకదాని పైన ఒకటిగా మూడు వెండి పట్టీలు, ఒక్కో పట్టీ మీద ఒక్కో పోరు పేరు. భూతద్దం పెట్టి బిళ్ల అంచు తిప్పి చూస్తే సన్నని అక్షరాలు కనబడ్డాయి. 3917, ప్రైవేట్ ఆర్. కీర్టన్, నార్త్ మూర్ లాన్సర్లు. ఆ సాదా సిపాయి రూబెన్ కీర్టన్, వాళ్ల ముత్తాత. లాన్సరుగా గుర్రం మీద బల్లెం పట్టి పోరాడాడని ఇంట్లో ఓ మాట ఉంది తప్ప అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

నంబరు దొరికితే బ్రెండా ఊరుకుంటుందా? ఎనిమిది నెలలు దాని వెంట పడింది. లండన్‌కి ఉత్తరాలు రాసింది, రెజిమెంటు చిట్టాల నకళ్లు తెప్పించింది. ఆ చిట్టాలో 3917కి ఎదురుగా నాలుగు పట్టీలున్నాయి. చేతిలో ఉన్నవి మూడే. నాలుగోది రోయిస్‌ప్రూట్ అనే చోట జరిగిన పోరుది. మళ్లీ అద్దం పెట్టి చూస్తే, పై పట్టీకి రెండు పక్కలా ఉన్న చెవుల్లాంటి కొక్కేల రంధ్రాల చుట్టూ గీతలు కనబడ్డాయి. ఎవరో పట్టకారుతో లాగి ఊడదీసినట్టున్నాయి. ఆమె అలా అనుకోలేదు. ఎక్కడో పడిపోయి ఉంటుంది పాపం అనుకుంది. డార్లింగ్‌టన్‌లో పతకాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, రోయిస్‌ప్రూట్ పట్టీ ఒకటి సంపాదించి, దాని చోట దాన్ని బిగించి, తళతళ మెరిపించి తెచ్చింది. పెద్దల రుణం తీర్చుకున్నంత సంబరపడింది.

ఆ ఆదివారం పొద్దున్న తనే అన్న కోటుకి తగిలించింది. సొంతవైతే ఎడమ వైపు, పెద్దలవి కనక కుడి రొమ్ము మీద. "ఒసేయ్, పెళ్లికొడుకులా ఉన్నానా?" అని అడిగాడు అలెక్, అరవై ఎనిమిదేళ్ల వయసులో. పెళ్లికొడుకు తాతలా ఉన్నావంది బ్రెండా. స్పృహలో ఉండగా అన్న ఆమెతో మాట్లాడిన ఆఖరి మాటలు అవే.

మిడిల్స్‌బ్రో ఆసుపత్రిలో అలెక్ తలకి ఆపరేషన్ చేశారు. గొంతులో గొట్టం, కళ్లు వాచి కమిలి కంతల్లా ఉన్నాయి. పక్కన కొడుకు రాస్ కూర్చున్నాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు, తండ్రితో కలిసి మంద చూసుకునేవాడు, తల్లి లేదు. వాడు ఏడవలేదు. ముసలాడికి బెయిలు దొరికిందనీ, ఊళ్లోకి రాకుండా తన ఇంట్లోనే ఉండాలని చెప్పి వదిలేశారనీ తెలిసిన రోజున, గోడకేసి పిడికిలి గుద్ది వేళ్ల ఎముకలు చిట్లగొట్టుకున్నాడు.

"నాన్న బతికితే వాడి రెండు మోకాళ్లూ విరగ్గొడతా. పోతే వాణ్ని చంపేస్తా. నువ్వేం చెప్పకత్తా," అన్నాడు.

వాడు ఊరికే బెదిరించే రకం కాదు. గొర్రెల్ని కరిచి చంపిన వేటకుక్కని ఒకసారి ఉత్త చేతులతో మెడ విరిచి, దాని యజమాని గుమ్మంలో పడేసి వచ్చినవాడు. బ్రెండా వాడి చేతికట్టు వైపే చూసింది. అన్న ఎలాగూ దక్కేలా లేడు. వీడు కూడా ఒక ముసలాణ్ని చంపి జైలుకి పోతే కీర్టన్ ఇంటి పేరుకి మిగిలేది ఆ జైలు గది ఒక్కటే. వీణ్ని ఎలాగైనా ఆపాలి. ఆపాలంటే సెత్ ఎందుకు కొట్టాడో తెలియాలి.

అదే ఎవరికీ అంతుపట్టలేదు. హార్కర్లకీ కీర్టన్లకీ మాటల్లేవు, నిజమే. తాతల నాటి నుంచీ లేవు. ఒకరి గొర్రె ఇంకొకరి మందలో కలిస్తే గోడ మీంచి అవతలికి దింపేసి వెళ్లిపోవడమే, పలకరింపు లేదు. అలాగని తగవూ లేదు. బుధవారం నాడు పోలీసు సార్జెంటు నోలన్ వాంగ్మూలం కోసం వచ్చినప్పుడు బ్రెండా అదే అడిగింది. సెత్ నోరు విప్పడం లేదనీ, ఒకే ఒక్క ముక్క చెప్పాడనీ అన్నాడతను. "వాడు రొమ్ము మీద ఏం పెట్టుకొచ్చాడో చూడండి" అన్నాడట.

బ్రెండా లెక్క వేసుకుంది. అలెక్ ఏటా ఆ స్తంభం దగ్గరికి వెళ్తూనే ఉన్నాడు, ఏమీ పెట్టుకోకుండా. ఈ ఏడు పెట్టుకున్నది ఆ పతకం. అందులో కొత్తది తను బిగించిన పట్టీ. తను చేసిన పనేదో అన్న నెత్తి మీద పడిందని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎలాగన్నది మాత్రం తెలియలేదు.

శుక్రవారం పొద్దున్నే రెజిమెంటు మ్యూజియానికి వెళ్లింది. అక్కడి పెద్ద పెవరెల్ అని రిటైరైన మేజరు, ఎనిమిది నెలలుగా ఆమె ఉత్తరాలకి ఓపిగ్గా జవాబులు రాసిన మనిషి. ఈసారి ఆమె తన ముత్తాత గురించి అడగలేదు. మూర్‌బీ స్తంభం మీద బోయర్ యుద్ధం కింద ఒకే ఒక్క పేరుంది, ఐజక్ హార్కర్. అతని సంగతి చెప్పమంది.

పెవరెల్ భర్తీ పుస్తకం తెరిచాడు. ఐజక్ హార్కర్ నంబరు 3918.

వేలం కొట్టులో పక్కపక్క నంబర్లు వచ్చాయంటే అవి ఒకే దొడ్లోంచి ఒకే రోజు తోలుకొచ్చిన గొర్రెలు. రూబెన్, ఐజక్ ఒకే రోజు, ఒకే వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడి సైన్యంలో చేరారు. ఒకే ఊరి కుర్రాళ్లు, ఇరవై దాటీ దాటనివాళ్లు. కలిసే వెళ్లారు. స్నేహితులు. ఈ మాట ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదే అనుకుంది.

తర్వాత పెవరెల్ రోయిస్‌ప్రూట్‌లో చచ్చిపోయినవాళ్ల జాబితా తీశాడు. ఆ రోజు రెజిమెంటులో పోయింది ఏడుగురు. పేరు పక్కన చావుకి కారణం రాసి ఉంది. తూటా. తూటా. తూటా. ఫిరంగి గుండు. తూటా. తూటా. ఏడోది ఐజక్ హార్కర్‌ది. దాని పక్కన బల్లెం అని ఉంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అవతలివాళ్ల దగ్గర తుపాకులు తప్ప ఒక్క బల్లెం లేదమ్మా. బల్లేలున్నది మనవాళ్ల దగ్గరే," అన్నాడు.

ఇంకో పుస్తకం కూడా ఉంది, ఆ దళంలోని ఒక లెఫ్టినెంటు పెన్సిలుతో రాసుకున్నది. చదువుతారా, అంత బాగుండదు అన్నాడాయన. ఇవ్వమంది బ్రెండా.

బాగుండదన్నది చాలా చిన్న మాట. బోయర్లు గుట్ట మీంచి దిగి పారిపోతున్నారు. అంతా రైతులు, పొట్టి గుర్రాల మీద, వాన దంచుతోంది. లాన్సర్లకి ఎదురుగా మైదానం దొరికింది. గుర్రాల్ని వాళ్ల మీదకి తోలారు. బల్లెం మనిషి వీపులో దిగితే గుర్రం వేగానికి ముందుకి పొడుచుకొచ్చేదట. లాగుదామంటే రాక, శవాన్ని పది గజాలు ఈడ్చుకుపోయేదట. ఒకే గుర్రం మీద ఇద్దరు పారిపోతుంటే ఇద్దర్నీ కలిపి గుచ్చాడొకడు, గుచ్చి నవ్వాడు. మొహానికి అడ్డం పెట్టుకున్న అరచేతిలోంచి దూరి కంట్లోంచి దిగిందట ఇంకొకడి బల్లెం. చివరిదాకా వెళ్లి, గుర్రాలు తిప్పుకుని మళ్లీ అదే దారిన వచ్చారు. పందుల వేటలా ఉందిరోయ్ అని అరుచుకున్నారట. మూడోసారి తిరిగేసరికి పోరాడేవాడు ఎవడూ మిగల్లేదు. అందరూ చేతులెత్తి మోకాళ్ల మీద ఉన్నారు. ఆగమని నేను బూర ఊదించాను, మా వాళ్లు ఆగలేదు అని రాశాడు లెఫ్టినెంటు. ఆ కింద ఒక్క వాక్యం ఉంది. మాలో ఒకడు మాత్రం ఆపబోయాడు, అతను బతకలేదు.

ఎవరు చంపారో అందులో లేదు. ముప్ఫై ఒక్కేళ్లు వేలం కొట్టులో నెత్తురూ పేడా చూసిన బ్రెండా, లేచి వెళ్లి మ్యూజియం వాకిట్లో వాంతి చేసుకుంది.

మూతి తుడుచుకుంటూ ఉండగానే రాస్ ఫోన్ చేశాడు. నాన్న పోయాడు అన్నాడు. ఏడుపు లేదు, వణుకు లేదు. ఎక్కడున్నావురా అంటే, ఆసుపత్రి నుంచి ఇంటికి పోతున్నా, చిన్న పనుంది అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా తియ్యలేదు.

అన్న పోయినందుకు ఏడవడానికి కూడా తీరిక లేకపోయింది బ్రెండాకి. సార్జెంటు నోలన్‌కి ఫోన్ చేసి, హార్కర్ల ఇంటికి వెళ్లమంది. అతను ఇరవై మైళ్ల అవతల ఉన్నాడు. తనే కారు తోలింది. కొండ దారి, మలుపులు, గాలి. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రాస్ ఇల్లు చేరి, గొర్రెల దొడ్డి దాటి, కొండ ఎక్కి హార్కర్ల ఇంటికి రావడానికి ఎంత సేపు పడుతుంది? తను ముందుండాలి. ఒక్క అయిదు నిమిషాలు ముందున్నా చాలు.

మధ్యాహ్నం మూడింటికి ఆ వాకిట్లో దిగింది. రాస్ బండి ఇంకా రాలేదు. తలుపు తీసింది సెత్ అక్క మార్తా, ఎనభై రెండేళ్ల మనిషి, పెళ్లి చేసుకోకుండా తమ్ముడికి వండిపెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడకేం ఆశ్చర్యం కలగలేదు.

"రా బ్రెండా. ఈ గుమ్మం తొక్కిన కీర్టన్లలో నువ్వు రెండోదానివి," అంది.

లోపల పొయ్యి దగ్గర సెత్ కూర్చున్నాడు. ముక్కు విరిగి మొహమంతా పసుపూ నలుపూ. బ్రెండా కూర్చోలేదు. "మా రూబెనే ఐజక్‌ని చంపాడు కదూ?" అని సూటిగా అడిగింది.

సెత్ అక్క వైపు చూశాడు. చెప్పింది మార్తాయే. తన తండ్రి చెప్పినట్టు, ఆయనకి ఆయన తండ్రి చెప్పినట్టు, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా.

యుద్ధం అయిపోయి వచ్చాక, పంతొమ్మిది వందల రెండులో, రూబెన్ ఈ గదిలోకే వచ్చాడు. ఐజక్ తల్లి హన్నా ఈ బల్ల దగ్గరే రొట్టె పిండి కలుపుతోంది. కూర్చోమంటే కూర్చోలేదట. నుంచునే మొత్తం చెప్పాడు. మూడో చుట్టు. ఐజక్ గుర్రం చచ్చిపోయింది, నడిచి వస్తున్నాడు. నెరిసిన గడ్డం బోయరు ఒకడు చేతులెత్తి మోకాళ్ల మీద ఉన్నాడు. రూబెన్ వాడి మీదకి గుర్రం తోలాడు. ఐజక్ పరిగెత్తుకొచ్చి చేతులు చాపి ఆ ముసలాడికి అడ్డం నిలబడ్డాడు. చాలురా రూబెన్, చాలు అని అరిచాడు. రూబెన్ విన్నాడు, చూశాడు. కళ్లు కమ్మాయనో, వాన అడ్డమొచ్చిందనో అబద్ధమాడలేదు. "నాకు తెలుసమ్మా, వాడు ఐజకేనని తెలుసు. తెలిసి కూడా గుర్రాన్ని ఆపలేదు," అన్నాడట. బల్లెం ఐజక్ పొట్టలోంచి దిగి, వెనకున్న ముసలాణ్ని కూడా గుచ్చి, ఇద్దర్నీ కలిపి నేలకి కొట్టేసింది. ఐజక్ వెంటనే పోలేదు. చీకటిపడే దాకా ఉన్నాడు. రూబెన్ పక్కనే కూర్చున్నాడు.

అదంతా చెప్పి, జేబులోంచి పతకం తీసి, పట్టకారుతో ఆ పోరు పట్టీని పీకి బల్ల మీద పెట్టాడు. నన్ను పట్టించు, ఉరి తీయించు అన్నాడు. హన్నా పట్టించలేదు. నా కొడుకు చంపొద్దని చచ్చాడు, వాడి పేరు మీద ఇంకో చావెందుకు అంది. ఆ పట్టీని పొయ్యిలో పడేసింది. కానీ కన్నతల్లి కదా, కడుపు మంట ఎక్కడికి పోతుంది? ఒక షరతు పెట్టింది. కీర్టన్లలో ఎవడైనా ఎప్పుడైనా ఆ పోరుని గొప్పగా చెప్పుకుని రొమ్ము మీద పెట్టుకు తిరిగితే, ఆ రోజు హార్కర్లలో ఒకడు వాడి తల పగలగొడతాడు అంది. రూబెన్ ఒప్పుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ హార్కర్ల మగపిల్లలకి పదహారేళ్లు రాగానే ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, ఐజక్ పేరు చూపించి, ఈ సంగతి చెప్పడం ఆ ఇంటి ఆచారం.

ఆ షరతు సంగతి రూబెన్ తన ఇంట్లో చెప్పలేదు. ఎలా చెబుతాడు? సిగ్గుతో నోరు కుట్టుకుని చచ్చాడు. అంతా తెలిసిన హార్కర్లు పెదవి విప్పలేదు. ఏమీ తెలియని కీర్టన్లు అడగలేదు.

"ఐజక్ పేరున్న స్తంభం ఎదుటే వచ్చి నిలబడ్డాడు మీ అన్న, ఆ పట్టీ మెరిపించుకుంటూ," అన్నాడు సెత్. "నన్ను చూసి నవ్వాడు కూడా. ఎగతాళి చేస్తున్నాడనుకున్నా."

"మా అన్నయ్య అందర్నీ చూసి నవ్వుతాడు. వాడికేం తెలీదు. పట్టీ బిగించి తెచ్చింది నేను. ఊడిపోయిందనుకుని, బాగుంటుందని పెట్టించాను," అంది బ్రెండా. "మధ్యాహ్నం పోయాడు."

సెత్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను తప్పు మనిషిని చంపానన్నమాట అన్నాడు. ఎవరితోనో కాదు, తనతో తనే. బ్రెండాకి వాడి గొంతు పిసికెయ్యాలనిపించింది. అదే సమయంలో జాలీ వేసింది. ఈ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి కలుగుతాయని ఆమె అంతకుముందు ఎరగదు. రాస్ వస్తున్నాడు, కొండ వెనక దారిన పారిపో, పోలీసులు వచ్చేదాకా ఎక్కడైనా ఉండు అంది. సెత్ కదల్లేదు.

బయట పెద్ద చప్పుడైంది. రాస్ వాకిలి గేటు తెరవలేదు, బండితోనే గుద్ది విరగ్గొట్టాడు. సెత్ పెంచే కుక్క తన మీదకి ఉరికితే తన్నాడు, అది గోడకి కొట్టుకుని కుంయ్‌మంటూ పడిపోయింది. చేతిలో కంచె గుంజలకి గోతులు తవ్వే గడ్డపార ఉంది. మొదటి ఊపుకి వంటింటి కిటికీ పగలగొట్టాడు. గాజు పెంకులు ఎగిరొచ్చి మార్తా నుదురు కోశాయి.

"బయటికి రారా ముసలోడా, లేకపోతే నేనే లోపలికొస్తా," అని అరిచాడు.

సెత్ లేచి, కర్ర లేకుండా, టోపీ లేకుండా, వాకిట్లోకి నడిచి వెళ్లి నిలబడ్డాడు. చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. కొట్టమన్నట్టే నిలబడ్డాడు. రాస్ గడ్డపార రెండు చేతులా పట్టి భుజం వెనక్కి తీశాడు. బ్రెండా పరిగెత్తుకెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది.

"తప్పుకో అత్తా."

"తప్పుకోను. పట్టీ పెట్టించింది నేనురా. ఇదంతా నా వల్ల జరిగింది. ముందు నా మాట విను."

"తప్పుకోమన్నానా," అన్నాడు వాడు. కళ్లు ఎర్రగా, తడి లేకుండా ఉన్నాయి. ఆ కళ్లు సెత్ వైపు చూడటం లేదు, ఆమె మొహంలోకే చూస్తున్నాయి. చూస్తూనే ఊపాడు.

దెబ్బ ఎడమ భుజం మీద పడింది. మెడ పక్కన ఎముక విరగడం నొప్పి కంటే ముందు చప్పుడుగా తెలిసింది ఆమెకి. ఆ ఊపుకే గడ్డపార జారి పై చెయ్యి కూడా విరగ్గొట్టింది. రాళ్ల మీద వెల్లకిలా పడింది. ఎముక ముక్క చర్మం చీల్చుకుని కోటు లోపల తగులుతోంది. నెత్తురు వెచ్చగా చంకలోకి కారింది. ఆకాశం గిర్రున తిరిగింది.

రాస్ చేతిలోంచి గడ్డపార కింద పడింది. పక్కన మోకాళ్ల మీద కూలబడి ఆమెని ముట్టుకోబోయి, ముట్టుకోలేక, చేతులు గాల్లో ఆడిస్తూ చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. ఆరు రోజుల ఏడుపు ఒక్కసారి వచ్చింది వాడికి. చొక్కా విప్పి ఆమె భుజం మీద అదిమిపట్టింది సెత్. గొర్రెల ఈతలో నెత్తురు ఆపడం తెలిసిన చేతులు. గట్టిగా, సరిగ్గా పట్టాయి.

కొండ కింద సైరన్ వినబడింది. నోలన్ వస్తున్నాడు. సెత్ ముందుకి వంగి, రాస్‌కి కూడా వినబడేలా అన్నాడు.

"కాలు జారి పడ్డానని చెప్పు. గడ్డపార మీద పడ్డావ్. నేను చూశానంటా, అక్క కూడా అంటుంది. కుర్రాడి బతుకు పాడవదు. మాకు నోరు మూసుకోవడం అలవాటే, నూట ఇరవై ఏళ్లు మూసుకున్నాం."

రాస్ తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె ఏం చెబితే అదే వాడి బతుకు. అవునంటే చాలు. వాడు ఇంటికి వెళ్లి తండ్రిని పాతిపెట్టుకుని, రేపట్నుంచి గొర్రెల్ని తోలుకుంటాడు. ఆమెకి ఉన్నది వాడొక్కడే. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"మూసుకున్నారు," అంది, పళ్లు బిగబట్టి. "ఒక్కడు, ఒక్కసారి, గోడ మీంచి మా అన్నయ్యకి చెప్పి ఉంటే వాడు ఇవాళ బతికుండేవాడు."

నోలన్ పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆంబులెన్సు వెనకే వస్తోంది, మాట్లాడొద్దు అన్నాడు. మాట్లాడతాను, పుస్తకం తియ్యి అంది బ్రెండా. అతను తీశాడు.

"నన్ను కొట్టింది రాస్ కీర్టన్, నా మేనల్లుడు. నేనని తెలిసే కొట్టాడు. మా అన్నని చంపింది సెత్ హార్కర్. ఆ పట్టీ పెట్టించింది నేను. ఐజక్ హార్కర్‌ని చంపింది మా ముత్తాత రూబెన్. ఈ రాస్‌కి అదేమీ తెలియదు, ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మొదట్నుంచీ రాసుకో."

రాస్ లేచి వెళ్లిపోలేదు. ఆమె తల పక్కన రాళ్ల మీద కూర్చుని, ఆంబులెన్సు వచ్చేదాకా అంతా విన్నాడు.